గుమ్మిగెడ్డ ఒడ్డున నిద్రపోయే ఈగ

నవంబరు 9, ఆదివారం

పదకొండేళ్ల కిందట నేను తీసిన తేనెటీగ ఫోటో మీద మీ ప్రాణి నమోదు కచేరీ వాళ్లు "యంత్రం" అని ఎర్రముద్ర కొట్టి వెనక్కి పంపారు. నలభై రెండేళ్లుగా పురుగుల ఫోటోలు తీస్తున్న చెయ్యి ఇది. ప్రాణానికీ బొమ్మకీ తేడా తెలియని వాడిని అన్నట్టు ఒక్క మాట కొట్టి పంపేశారు. ఎక్కడ చూసి యంత్రం అన్నారు, ఏం చూసి అన్నారు అని అప్పటి నుంచి ఆరు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ ఫోటో మా ఇంట్లో గోడకే ఉంది. ముద్రతో సహా ఉంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తాను.

నా పేరు పైల అసిరయ్య. వయసు డెబ్బై నాలుగు. అయిదో తరగతి దాకా చదివాను, అది కూడా పూర్తిగా కాదు. యంత్రాలు ఎలాంటి ఫోటో కావాలన్నా పుట్టిస్తున్నాయి, ఎలాంటి మాట కావాలన్నా అల్లేస్తున్నాయి కాబట్టి మీరు ఇచ్చే పాతరకం రీలు తప్ప ఇంకేదీ నమ్మబోమని, రీలుతో పాటు ఏడు రోజుల దినచర్య సొంత చేత్తో రాసి పంపాలని మీ నిబంధన. మంచి నిబంధన. నాలాంటివాడి కోసమే పెట్టినట్టుంది.

రీలు నిన్న అందింది. పన్నెండు ఫ్రేములు. సీలు మీరే వేశారు, విప్పి కడిగేదీ మీరే. ఏం పడిందో నాకు కనపడదు. పరవాలేదు, ఏం పడిందో నొక్కిన వేలుకి తెలుస్తుంది.

ఇక సంగతి. గుమ్మిగెడ్డ వాగు కుడి ఒడ్డున అరమైలు పొడవున పొద ఉంది. తంగేడు, వాయిలి, అడవి తులసి, మనిషెత్తు గడ్డి. ఆ పొదలో నీలి పట్టీల తేనెటీగలున్నాయి. చేలల్లో పువ్వు గింజ కట్టడానికి మీరు పెట్టెల్లో పంపే సర్కారు యంత్రపు ఈగలు కావు, ప్రాణమున్నవి. ఈ నెల 24న, సోమవారం, పొద మీద ఎండుమందు చల్లుతామని మా ఊళ్లో నోటీసు అంటించారు. మందు పడితే మూడు రోజుల్లో ఆకు, పురుగు అన్నీ ఒకే బూడిద రంగుకి తిరుగుతాయి. ప్రాణులున్నాయని మీ పుస్తకంలో ఎక్కితే మందు చల్లకూడదు. ఎక్కాలంటే ఫోటో కావాలి. ఆ ఫోటో తీయగలవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కడినే.


నవంబరు 10, సోమవారం

తెల్లవారుతుండగా వెళ్లాను. దొరకలేదు.

ఎవరి ఫోటో అయినా ఎప్పుడైనా తీయవచ్చు గానీ పురుగుది తెల్లవారుజామునే తీయాలి. రాత్రి చలికి దాని ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుంది. ఎండ తగిలేదాకా కదలదు. కొందరు పురుగుని పట్టుకెళ్లి చలిపెట్టెలో పెట్టి, మొద్దుబారాక తెచ్చి పువ్వు మీద కూర్చోబెట్టి తీస్తారు. వాళ్లని నేను ఫోటో మనుషులనను.

ఈ నీలి పట్టీల ఈగల్లో మగవి గూటిలో పడుకోవు. పొద్దు వాలే వేళకి ఏదో ఒక ఎండుపుల్లని దవడలతో కరిచి పట్టుకుంటాయి. కాళ్లు ముడుచుకుని, ఆ కరుచుకున్న పట్టు మీదే గాలిలో అడ్డంగా ఆగి నిద్రపోతాయి. కిందటేడు అవి పడుకున్న పుల్ల నాకు గుర్తే. ఈ ఏడు ఆ పుల్ల లేదు.

తిరిగి వస్తుంటే పెట్టె దగ్గర కోరాడ పోలయ్య కనిపించాడు. మా మిట్ట మీద సర్కారు ఈగల పెట్టెకి మేస్త్రి అతనే. పొద్దున్నే మూత తీసి వదలడం, చీకటి పడ్డాక లెక్కపెట్టి మూయడం, రెక్క విరిగితే అతకడం అతని పని.

"ఏటన్నా, మళ్లీ బయిల్దేరినావా? ఈయేడైనా పెళ్లికూతురు దొరికిందేటి?" అన్నాడు.

"దొరుకుద్దిరా. నువ్వు ముందు నీ డబ్బాలోవి లెక్కెట్టుకో."

"మూడొందలు. లెక్కలో ఒకటి తేడా వొచ్చినా నా ఉజ్జోగం ఊడిపోద్ది."

"ఊడితే ఊడనీ. డెబ్బై దగ్గర కొస్తన్నాయి నీకు."

"అరవై ఆరే. నీ లెన్సులోంచి సూస్తే డెబ్బై కనపడతన్నాయేమో."

పదకొండేళ్ల కిందటి ఫోటోకి సాక్షి కూడా పోలయ్యే. పెట్టె తరఫు సాక్షి ఒకరు ఉండాలని మీ నియమం కదా. "అది నీ పెట్టెలోదా?" అని మీరడిగితే "సెప్పలేను బాబూ" అన్నాడు. అబద్ధమైతే ఆడలేదు. అందుకే ఇంకా మాట్లాడుతున్నాను.

మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. మా చెల్లెలి కూతురు. ఇక్కడ నూనెగింజల వలిస పండించే రైతుల సంఘానికి పెద్ద. అంబలి గిన్నె అరుగు మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"మావా, సంతకం ఎట్టీసేను. ఇంకొకలు సెప్తే బాధపడతావని నానే సెప్తన్నాను."

"ఏ సంతకం?"

"పొద తీయించీమని. ఈ పువ్వులకాలంలోనే ముప్పై ఏడు ఈగలు పొదలో సిక్కుకుపోనాయి. కొత్తవి వొచ్చీదాకా నా సేలో పువ్వు తాలుపోతంది. నానొక్కదాన్నే కాదు, పదమూడు మందిమి ఎట్టేం."

"నీ సేలో గెడ్డవార మడి సూసినావా? ఆ పక్కకి సర్కారు ఈగ రాక రెండు నెలలయింది. గింజ నిండుగా ఉంది. ఆ గింజ ఎవలు కట్టించేరు?"

"గాలి."

"గాలి సేత కూడా సంతకం ఎట్టించేవేటి?"

"నీకు కోపమొస్తే నాకు నవ్వొస్తాది, ఊరుకో మావా" అంది. నవ్వలేదు మాత్రం. అంబలి తాగేదాకా ఉండి గిన్నె తీసుకుని వెళ్లింది. సంతకం మాత్రం వెనక్కి తీసుకోలేదు.


నవంబరు 11, మంగళవారం

పొద్దున వెతికితే దొరకనిది సాయంత్రం కాపు కాస్తే దొరుకుతుంది. నాలుగున్నరకి పొద లోపల వాయిలి మొక్క మొదట్లో కూర్చున్నాను. అయిదు దాటాక ఒకటి వచ్చింది. పుల్ల చుట్టూ తిరిగింది, వాలింది, నచ్చక లేచింది, మళ్లీ అదే పుల్లకి వచ్చింది. ఇంకోటి వచ్చి దాన్ని తోసింది. మంచం కోసం తగువులాడుకున్నట్టే. పొద్దు గుంకేసరికి ఒకే ఎండుపుల్ల మీద అయిదు. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ కరిచిపట్టి, అన్నీ ఒకే వైపు తిరిగి.

అయిదు! నలభై రెండేళ్లలో పెట్టెలు వచ్చాక ముప్పై ఒక్క ఏళ్లు పోయాయి. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క పుల్ల మీద అయిదింటిని చూసినవాడు ఎవడైనా ఉంటే ముందుకి రమ్మనండి.

ఒక మాట చెప్పాలి. మీ పెట్టెల ఈగని మొదట తయారుచేసినవాళ్లు ఈ నీలి పట్టీల ఈగని చూసే చేశారు. అంతే సైజు, అవే పట్టీలు, అదే మెరుపు. దీన్ని చూసి బొమ్మ చేసుకున్నారు. ఇప్పుడు అసలుదాన్ని చూపిస్తే బొమ్మ అంటున్నారు.

పుల్లకి రెండు గజాల అవతల గుర్తుగా ఎర్రగుడ్డ పీలిక కట్టి వచ్చాను.


నవంబరు 12, బుధవారం

మూడు ఫ్రేములు తీశాను.

నా కెమెరా వయసులో నాకంటే పెద్దది. లెన్సుని తిరగేసి, మూడు గొట్టాల చివర బిగిస్తాను. అప్పుడు శనగగింజంత ఈగ నిమ్మకాయంత కనిపిస్తుంది. అంత దగ్గరగా చూసినప్పుడు ఉల్లిపొర మందం మాత్రమే స్పష్టంగా పడుతుంది, ముందూ వెనకా మసక. కన్ను పడితే మీసం పడదు. కాబట్టి లెన్సు తిప్పడం ఉండదు. మనిషే ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి ఊగాలి. ఎడమచేత్తో పుల్ల మొదలు పట్టుకుని, ఆ మణికట్టు మీదే కెమెరా ఆనించి, ఊపిరి బిగబట్టి, గుండె కొట్టుకోడానికీ కొట్టుకోడానికీ మధ్య నొక్కాలి. ఈ వయసులో నా చేతులు వణుకుతాయని ఊళ్లో అంటారు. అన్నం తినేటప్పుడు వణుకుతాయి. కెమెరా పట్టుకున్నప్పుడు వణకవు.

తీసే ముందు మా గురువు నేర్పినట్టే చేశాను. ఉడత తోక వెంట్రుకల కుంచెతో మంచు తుడిచాను. ఈగ మెడ దగ్గర ఒక ఎర్రనల్లి పాకుతుంటే తీసేశాను. వీపు మీద పుప్పొడి దులిపాను. ఊదాను. అప్పుడు నొక్కాను. కడిగిన ముత్యంలా ఉంది.

మా గురువు కోటిలింగం మేస్త్రి. పురుగు ఫోటో పెళ్లిఫోటో లాంటిదని ఆయన మాట. స్నానం చేయించకుండా కెమెరా ముందు నిలబెట్టకూడదు. ఆయన దగ్గర నేర్చుకున్న పదకొండు మందిమీ అలాగే తీశాం. మట్టితోనో మురికితోనో ఫోటో పడితే అది మనిషికి అవమానం అన్నట్టు చూసేవాళ్లం.

సాక్షిగా పోలయ్య వెనక నిలబడి చూశాడు. అంతా అయ్యాక తల గోక్కున్నాడు.

"అన్నా, ఒకటి అడుగుతాను, తిట్టకు."

"అడుగు."

"పొద్దున్న మూత తీసే ముందు నానూ అచ్చం ఇలాగే కుంచె ఎట్టి తుడుస్తాను నా ఈగల్ని. తుడిసినాక ఇలాగే ఉంతాయి."

కెమెరా సంచిలో పెట్టుకుని వచ్చేశాను.


నవంబరు 13, గురువారం

వాన. ఫోటో లేదు. నిబంధన కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నుంచి గోడ మీది ఫోటోని చూస్తూ కూర్చున్నాను. పదకొండేళ్లు చూసిన ఫోటోనే. ఒక్క వెంట్రుక చెదరలేదు. ఒక్క పుప్పొడి రేణువు లేదు. రెక్క అంచు అద్దంలా ఉంది. దాని ఒంటి మీద అది బతికినట్టు చెప్పే గుర్తు ఒక్కటి లేదు. అన్నీ నేనే తుడిచేశాను.

ఇంకా ఉంది. నిద్ర లేచేటప్పుడు ఈగ ఏం చేస్తుందో రాస్తాను. మొదట ఒళ్లంతా వణుకుతుంది, అలా వేడి పుట్టించుకుంటుంది. తర్వాత దవడ వదులుతుంది. ముందుకాళ్లతో కళ్లు తుడుచుకుంటుంది. తర్వాత, ఎగిరే ముందు, తోకభాగం పైకెత్తి దొడ్డికి పోతుంది. పసుపుపచ్చని చుక్క. మనుషులకి ఉన్నట్టే దానికీ పొద్దున్నే అవసరం. అలాంటి ఫ్రేములు నాకు ఎన్నోసార్లు పడ్డాయి. పాతికో ముప్పయ్యో ఉంటాయి. సిగ్గుచేటని అన్నీ పొయ్యిలో వేశాను. గురువు వేశాడు, నేనూ వేశాను.

యంత్రం దొడ్డికి పోదు.

పదకొండేళ్లు మిమ్మల్ని తిట్టాను. అందులో సగం తిట్లు నాకు తగలాలి, సగం మా గురువుకి. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాస్తున్నాను. మిగతా విషయంలో నేను తగ్గేది లేదు. మీలో ఒక్కరైనా వచ్చి పొద దగ్గర ఒక సాయంత్రం కూర్చుని ఉంటే ఫోటోతోనే పని ఉండేది కాదు. కుర్చీలో కూర్చుని ప్రాణం ఉందో లేదో తేల్చేవాళ్లు మీరు. బురదలో పడుకునేవాడిని నేను. ఆ తేడా అలాగే ఉంది.

సాయంత్రం వాన తగ్గాక కుంచెని చూరులో పెట్టేశాను.


నవంబరు 14, శుక్రవారం

మబ్బు. అయినా వెళ్లాను. వానకి అయిదింటిలో మూడే మిగిలాయి. తుడవలేదు, ఊదలేదు. ఒళ్లంతా మంచు ముత్యాలు, ఒకదాని రెక్క చివర చిరిగి ఉంది, మెడ మీద ఎర్రనల్లి. ఉన్నదున్నట్టు మూడు ఫ్రేములు తీశాను. ఆ మురికిలో దాన్ని చూస్తుంటే కొత్తగా అనిపించింది. ఇన్నాళ్లూ దాని ముఖం చూడకుండా నా పనితనమే చూసుకున్నాను.

అయితే వేరే చిక్కు వచ్చింది. ఫోటో తీసే సమయానికి పెట్టెలోని సర్కారు ఈగలన్నీ లోపలే ఉన్నాయని పోలయ్య రాసివ్వాలి. లేకపోతే ఇది బయటికి వచ్చిన మీ ఈగే అని మళ్లీ అంటారు. పోలయ్య లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

"రెండొందల తొంభై ఎనిమిది" అన్నాడు.

"సరిగ్గా సూడు."

"సరిగ్గానే సూసేను. రెండు రాత్రి తిరిగి రాలేదు. వానకి పొదలో ఎక్కడో పడిపోయుంతాయి."

"మూడొందలని రాసీరా, పోలా."

"పదకొండేళ్ల కింద అబద్ధం ఆడలేదనే నాతో ఇంకా మాటాడతన్నావు. ఇప్పుడు ఆడమంతావా?"

నిజమే. నేను అడగకూడని మాట అడిగాను. ఆ మాటా ఇందులో రాస్తున్నాను, దాచను.

కాబట్టి ఆ రెండూ దొరికి పెట్టెలో పడేదాకా నా ఫోటోకి విలువ లేదు. ఆరు ఫ్రేములు అయిపోయాయి. ఆరు ఉన్నాయి. పది రోజులు ఉన్నాయి.


నవంబరు 15, శనివారం

రోజంతా పొదలో పడి వెతికాం. ఎక్కడ పడ్డాయో తెలియదు కాబట్టి అరమైలు పొద మొత్తం. ఒకటి మధ్యాహ్నం దొరికింది, తంగేడు మొదట్లో బురదలో బోర్లాపడి ఉంది. రెండోది దొరకలేదు. పోలయ్య వెళ్లి పైడమ్మకి చెప్పాడు. పోయిన ఈగ ఆమె చేలోది. ఆమె కొడవలి పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చింది.

"సూసినావా మావా? ఇందుకే తీయించీమన్నాను. ఇదేం పొద, ఇదేం ముళ్లు. మా సేల మీద నీకు ఇంత పగేటి?"

"ముందు వెతుకు. తిట్టడం తరవాత."

"రెండూ సేస్తాను, నాకు రెండు సేతులున్నాయి."

పొద్దు వాలే వేళకి ఆమె గొంతు వినపడింది. దొరికింది అనలేదు. "మావా, ఇలా రా" అంది, మెల్లగా. వెళ్లి చూస్తే అడవి తులసి కొమ్మల మధ్య సాలెగూట్లో ఆమె ఈగ చిక్కుకుని ఉంది. బ్యాటరీ అయిపోయింది, ఒక రెక్క గూటికి అతుక్కుంది. దానికి బెత్తెడు దూరంలో ఎండుపుల్లని కరిచి నీలి పట్టీల ఈగ నిద్రపోతోంది. పొట్ట మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఒకదాని పక్కన ఒకటి. చూడడానికి రెండూ ఒకటే.

పైడమ్మకి ముప్పై నాలుగేళ్లు. పెట్టెలు వచ్చేనాటికి మూడేళ్ల పిల్ల. తనకి తెలిసిన ఈగలన్నీ పెట్టెలోవే.

"ఇది ఏటి సేస్తంది మావా?"

"నిద్దరోతంది."

"నిద్దరే?" ఇంకా వంగి చూసింది. "పుల్లని ఎందుకు కరిసింది?"

"పడిపోకుండా."

వేలు దగ్గరికి పెట్టింది, ముట్టుకోలేదు. దాని మీసం కొద్దిగా కదిలింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గెడ్డవార మడిలో గింజ..." అంది.

"గాలి" అన్నాను.

"ఊరుకో మావా" అంది. ఈసారి నవ్వింది.

తన ఈగని గూటి నుంచి తీసుకోడానికి ఆ పుల్ల కదలకుండా అరగంట పట్టింది. కొడవలి వాడలేదు. ఒక్కొక్క పోగూ గోటితో తెంపింది. నా జీవితంలో నేను నేర్పకుండా ఎవరైనా ఇంత ఒద్దికగా పని చేయడం ఇదే చూశాను.

రాత్రి పెట్టెలో మూడొందలు. పోలయ్య మూత బిగించి లక్క సీలు వేశాడు. ముగ్గురం చూశాం.


నవంబరు 16, ఆదివారం

ఇవాళ్టి సంగతి అన్నం ముట్టకుండా ముందు రాస్తున్నాను.

తెల్లవారకముందే వెళ్లాం. పోలయ్య పెట్టె సీలు చూసి, విప్పి, లెక్కపెట్టి, మళ్లీ మూసి, మూడొందలూ లోపలే ఉన్నాయని అక్కడే రాశాడు. అప్పుడే పొదలోకి వచ్చాడు. మేం తిరిగి వచ్చేదాకా మూత తీయలేదు. రెండో సాక్షి పైడమ్మ. పొద తీయమన్న మనిషి కాబట్టి ఆమె మాటకి విలువ ఎక్కువ.

నిన్నటి ఈగే. నేను తడినేల మీద బోర్లా పడుకున్నాను. ఏడో ఫ్రేము: నిద్ర. పుల్ల మీద దవడ పట్టు, కంటి మీద మంచు. ఎనిమిది: మొదటి ఎండ తగిలి మంచు జారుతున్నప్పుడు. తర్వాత ఒళ్లు వణకడం మొదలైంది. తొమ్మిది: దవడ వదిలింది. పది: ముందుకాలుతో కన్ను తుడుచుకుంటోంది.

అప్పుడు ఆగాను. ఊపిరి బిగబట్టి ఎంతసేపున్నానో తెలియదు. మోచేతి కింద రాయి గుచ్చుకుంటోంది. దాని వెనకభాగం లేచింది.

పసుపుచుక్క.

నొక్కాను. పదకొండో ఫ్రేము. చుక్క ఇంకా ఒంటిని వదలలేదు, వేలాడుతూ ఉంది, దానిలో సూర్యుడు ఉన్నాడు. కన్నూ చుక్కా ఒకే పొరలో పడేలా పక్కగా పడుకున్నాను. రెండూ స్పష్టంగా ఉంటాయి. మీరు కడిగి చూడండి. లేకపోతే నా పేరు పైల అసిరయ్య కాదు.

ఈగ ఎగిరిపోయింది. పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో. ఇదేటి మావా? ఇంత దూరం మమ్మల్ని తెచ్చింది ఇది సూపించడానికేటి?"

"ఇదే. దీనికోసమే."

పోలయ్య టోపీ తీసి నెత్తి మీద గోక్కున్నాడు. "ముప్పై ఏళ్లు మూడొందల ఈగల్ని సూస్తన్నాను. ఒక్కటి కూడా ఇంత పని సేయలేదు" అన్నాడు. టోపీ మళ్లీ పెట్టుకుని అన్నాడు, "నా పెట్టెలోది కాదు. ఈపాలి సెప్పగలను."

పన్నెండో ఫ్రేము సాక్షులది, మీ నియమం ప్రకారం. తేదీ రాసిన పలకతో ఇద్దరూ పొద ముందు నిలబడ్డారు. పైడమ్మ జుట్టు సర్దుకోబోతే వద్దన్నాను. ముళ్లు గీరిన చేతులతోనే, తడిసిన చీరతోనే తీశాను.


నవంబరు 17, సోమవారం

పొద్దున్నే పైడమ్మ వెళ్లి తన సంతకం కొట్టేయించి వచ్చింది. మిగతా పన్నెండు సంతకాలు అలాగే ఉన్నాయి. వాళ్లని పొదలోకి తీసుకెళ్లి చూపిస్తానంది, ఒక్కొక్క సాయంత్రం ఇద్దరిద్దర్ని. వాళ్ల చేలకి పోయిన ఈగలు మాత్రం నిజంగానే పోయాయి, పువ్వు నిజంగానే తాలుపోతోంది. అది నేను కాదనను.

మీ కచేరీకి ఫోన్ చేశాను. ఒక ఆడగొంతు చాలా మర్యాదగా మాట్లాడింది. రీలు అందిన తర్వాత కడగడానికి నలభై రోజులు పడుతుంది, వరస ప్రకారం చూస్తారు అంది. వారం రోజుల్లో మందు చల్లుతున్నారమ్మా, నలభై రోజులకి నేను ఎవరి ఫోటో చూడాలి అన్నాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అంది. నువ్వు మనిషివా, యంత్రానివా అని అడిగాను. మీకు ఇంకేమైనా సహాయం కావాలా అంది. పెట్టేశాను.

రీలు, పోలయ్య రాసిచ్చిన లెక్క, పైడమ్మ వాంగ్మూలం, ఈ దినచర్య అన్నీ ఇవాళ మధ్యాహ్నం బస్సుకి పైడమ్మే తీసుకువస్తుంది. మీ బల్ల మీద తన చేత్తో పెట్టి, అందినట్టు రాయించుకుని వస్తుంది. ఒత్తులు తప్పిన చోట్ల దిద్దింది ఆమే. తన గురించి రాసినవీ చదివింది. కొట్టేయలేదు. మీరు ఏడు రోజులు అడిగారు, నేను తొమ్మిది రాశాను.

పాత ఫోటో సంగతి వదిలేస్తున్నాను. ఆ ముద్ర మీది, ఆ తుడుపు నాది. సరికి సరి. ఇక దాని గురించి ఉత్తరం రాయను. గోడ మీంచి కూడా తీసేశాను.

దీని సంగతి వదిలేది లేదు. ఇందులో నేను తుడిచింది ఏమీ లేదు. మొదటి మూడు ఫ్రేములు తప్ప. అవి చూడకపోయినా పరవాలేదు. పదకొండోది చూడండి. వరస పక్కన పెట్టి ముందు ఇదొక్కటీ కడగండి. రసాయనంలో గంట పని, ఆరడానికి ఇంకో గంట. నాకు తెలియదనుకోవద్దు. నలభై రెండేళ్లు ఆ వాసన పీల్చిన వాడిని.

24న మందుబండి ఎగిరి వస్తుంది. మనుషులున్న చోట అది మందు వదలదని మీ నిబంధనే. ఆ పొద్దున నేను పొదలో ఉంటాను. పోలయ్య ఉంటానన్నాడు. పైడమ్మ మిగతా పన్నెండు మందిలో ఎంతమందిని తెస్తుందో తెలియదు. కానీ మేం రోజూ పొదలో పడుకోలేం. ఆ ఈగలు రోజూ అక్కడే పడుకోవాలి. అందుకే అడుగుతున్నాను.

నాకు అయిదు పేజీల జవాబు వద్దు. చింతిస్తున్నాం అనే మాట వద్దు. ముద్ర వద్దు. పదకొండో ఫ్రేము చూసిన మనిషి తన పేరు వేసి, తన చేత్తో, ఒక్క మాట రాసి పంపాలి. ప్రాణం అని గానీ, యంత్రం అని గానీ. యంత్రం అనేట్టయితే ఆ చుక్క ఏమిటో కూడా రాయాలి.

నవంబరు 22, శనివారం, సాయంత్రం అయిదు గంటల లోపల.

పైల అసిరయ్య
గుమ్మిగెడ్డ మిట్ట